గద్ద తోక

ఆ వేసవిలో మా ఆయన నిద్రలో బ్రేకు తొక్కడం మొదలుపెట్టాడు.

మొదట చూసింది మా అత్తగారు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, ఆల్విన్ వంటింట్లో సోఫా మీద వాలాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను, ఆవిడ తుడుస్తోంది. ఉన్నట్టుండి ధన్‌మని చప్పుడు. ఆల్విన్ కుడికాలు సోఫా చెక్కని తన్నింది. కళ్ళు మూసుకునే ఉన్నాడు. చేతులు రెండూ గుండెల మీద దేన్నో పట్టుకున్నట్టు బిగుసుకుపోయాయి. మళ్ళీ తన్నాడు.

"వీడికేమైందే?" అంది అత్తగారు, చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని.

"కలేదో వచ్చినట్టుంది అత్తయ్యా."

"వాళ్ళ నాన్న యుద్ధం నుంచి వచ్చాక ఇలాగే తన్నుకునేవాడు. వీడు ఏ యుద్ధానికి వెళ్ళొచ్చాడని?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మా ఆయన ఆల్విన్ హెఫెలే, బ్రెండ్లె వాళ్ళ కార్ల ఫ్యాక్టరీలో పరీక్ష డ్రైవరు. కొత్త బండి ఏది తయారైనా జనం చేతికి వెళ్ళేముందు అతని చేతికి వచ్చేది. మా ఊళ్ళో ఎవరి తిండైనా ఆ ఫ్యాక్టరీ తిండే. దాని బండ్లన్నిటికీ పక్షుల పేర్లు. త్సైసిగ్ అని పిచ్చుకంత బండి ఒకటి ఉండేది. యుద్ధం తర్వాత మోటారు సైకిలు దిగిన జనమంతా అందులోకే ఎక్కారు. వెనక నీలంగా పొగ వదులుతూ నలుగురిని మోసుకుపోయేది. దానికి పైమెట్టు అంసెల్, అంటే నల్లపిట్ట, సంసారుల బండి. మాకూ ఒకటుండేది. అన్నిటికన్నా పెద్దది రైహర్, అంటే కొంగ. డాక్టర్లకీ మేయర్లకీ అని చేశారు. పొడుగు ముక్కు, తోలు సీట్లు. కానీ డబ్బున్నవాళ్ళు పేరున్న కంపెనీ బండే కొనుక్కుంటారు కదా, మా కొంగని ఎవరూ కొనలేదు. "కొంగ ఒంటికాలి మీద నిలబడింది, ఎప్పుడు పడుతుందో" అని బీరు దుకాణంలో హాస్యాలాడేవారు. పందొమ్మిదివందల అరవై మూడు వచ్చేసరికి పిచ్చుక కూడా ఎవరికీ అక్కర్లేకపోయింది. చేతిలో నాలుగు రాళ్ళు ఆడినవాడు పొగ కక్కే బండి ఎక్కుతాడా? నల్లపిట్ట ఒక్కటే ఊరంతటినీ పోషిస్తోంది.

అందుకని ఊరి ఆశంతా మిలాన్ మీద. మిలాన్ అంటే గద్ద. ఇంజను వెనక, సన్నటి నడుము, చూస్తే ఎగురుతున్నట్టుండేదట. సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో ముసుగు తీస్తారు. అప్పటిదాకా ఎవరూ గుర్తుపట్టకుండా రేకు ముక్కు తగిలించి, మసిరంగు పూసి రోడ్ల మీద తిప్పుతున్నారు. తిప్పేవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆల్విన్, రెండోవాడు ఎగోన్.

జూన్‌లో, ఊరి పైనున్న ఘాట్ రోడ్డు మీద, వానలో, ఎగోన్ నడుపుతున్న మిలాన్ లోయలోకి దొర్లింది.

బతికాడు. నడుం కింద చచ్చుబడిపోయింది. మేమిద్దరం ఆసుపత్రికి వెళ్తే ఎగోన్ పళ్ళికిలించాడు. "రా ఆల్విన్, నన్నిప్పుడు నర్సులు నడుపుతున్నారు. మలుపుల్లో మహా జాగ్రత్తగా తిప్పుతారు." అతని భార్య హేడి మంచం పక్కన కూర్చుని, కమలాపండు ఒలుస్తూనే ఉంది. తినేవాళ్ళెవరూ లేరు.

కాసేపటికి ఎగోన్ నవ్వు ఆపాడు. "బండి తోక నన్నడక్కుండా ముందుకొచ్చిందిరా. నేను తాగలేదు. వేగంగానూ పోలేదు."

"ఫ్యాక్టరీలో పందెం వేసుకుని తోలాడంటున్నారు" అంది హేడి. "ఆల్విన్, నిజం చెప్పు. నీకెప్పుడూ అలా కాలేదూ?"

ఆల్విన్ తన టోపీ వంక చూసుకున్నాడు. "నాకు కాలేదు హేడి" అన్నాడు.

ఇంటికొచ్చాక పెరట్లో పళ్ళపొదల దగ్గర నిలదీశాను. పళ్ళు కోస్తున్నవాడల్లా ఆగాడు.

"అయింది. రెండుసార్లు."

"మరి అక్కడెందుకు అబద్ధమాడావ్?"

"అబద్ధమో నిజమో నాకే తెలీదు ఒటీ. బండెక్కుతుంటేనే చెమట్లు పడుతున్నాయి. భయపడ్డవాడి చేతిలో ఏ బండైనా తోక విసురుతుంది. అది బండి గుణమా, నా చేతుల గుణమా? బండి మంచిది కాదని చెప్పానే అనుకో. 'ఎందుకు, నువ్వు భయపడుతున్నావా?' అంటారు. నేనేమనాలి?"

పళ్ళబుట్ట నిండకుండానే లోపలికొచ్చేశాం.

ఆ రోజు నుంచి భయం నా ఒంట్లోకి కూడా వచ్చి కూర్చుంది. పగలంతా చెవులు వీధిలోనే ఉండేవి. హేడి నాతో ఒక మాట అంది: "ఎగోన్ సంగతి చెప్పడానికి కొంగలో వచ్చారు. దిగీ దిగకముందే, చావు ఇంటికొచ్చినట్టు టోపీలు తీశారు. టోపీలు చూసే నాకర్థమైంది." ఫ్యాక్టరీ పెద్దలు తిరిగేది ఆ పెద్దబండిలోనే. మా వీధిలోకి అది ఎప్పుడూ రాదు. వస్తే దేనికొస్తుందో నాకు తెలుసు. నూలు కొనడానికి వెళ్ళినా, మా పాప రోస్‌వితని బడి నుంచి తీసుకొస్తున్నా, నల్లటి పొడుగు ముక్కు మలుపు తిరుగుతుందేమోనని చూసేదాన్ని. తిరక్కపోతే ఆ పూటకి బతికినట్టు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం తిరిగింది.

నేను కుర్చీ ఎక్కి కిటికీ తుడుస్తున్నాను. కొంగ మెల్లగా వచ్చి సరిగ్గా మా గేటు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. మిలాన్ తయారుచేసిన ఇంజనీరు ట్రౌట్‌వైన్ దిగాడు. దిగి, టోపీ తీశాడు.

తర్వాత నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. కుర్చీ మీంచి ఎప్పుడు దిగానో తెలీదు. గుమ్మం దగ్గర అత్తగారు నా జబ్బ పట్టుకుని ఉంది. ఆవిడ గోళ్ళు నా చర్మంలో దిగాయి.

"ఫ్రా హెఫెలే, అయ్యో, కంగారు పడకండి! ఆల్విన్ బాగానే ఉన్నాడు. ఎండగా ఉందని టోపీ తీశాను, అంతే."

అత్తగారు నా జబ్బ వదిలింది. "ఎండగా ఉంటే టోపీ పెట్టుకుంటారు నాయనా, తియ్యరు" అంది.

ట్రౌట్‌వైన్ మర్యాదస్తుడు. వంటింట్లో కూర్చుని ప్లమ్ పళ్ళ కేకు ముక్క తిన్నాడు, బావుందన్నాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. మిలాన్‌ని ఆస్ట్రియా కొండల్లో ఆఖరిసారి నడిపి చూడాలట. పత్రికల ఫోటోగ్రాఫర్లు కనుమల్లో కాపు కాస్తున్నారట. ఒంటరి మగవాడు బరువు కోసం వేసిన ఇసుకబస్తాలతో కనిపిస్తే పట్టేస్తారు. అదే భార్య పక్కన కూర్చుని, బండి మీద పెట్టెలు కట్టుకుని సెలవులకి వెళ్తున్నట్టుంటే ఎవరికీ అనుమానం రాదు.

"పాప కూడా ఉంటే మరీ సహజంగా ఉంటుంది" అన్నాడు.

కేకు కోస్తున్న అత్తగారు కత్తి కింద పెట్టింది. "గద్దకి ఎక్కడైనా కోడిపిల్లని అప్పజెప్తారా?"

"అమ్మా, అది పేరు మాత్రమే..."

"పేరు పెట్టింది నేను కాదుగా! ఆలూమగలు వెళ్తే వెళ్ళనీ, వాళ్ళిష్టం. పిల్ల నా దగ్గరుంటుంది. ఇంకో ముక్క తింటారా?"

అతను ఇంకో ముక్క వద్దన్నాడు.

వెళ్ళనని నేనూ అనొచ్చు. అనలేదు. అంటే ఎందుకని అడుగుతారు. ఆల్విన్ ముఖం ఎవరైనా పట్టిపట్టి చూస్తారు. అదీకాక, అతన్ని ఆ బండిలో ఒంటరిగా పంపి ఇంట్లో కిటికీ తుడవడం కన్నా పక్కన కూర్చోవడమే మేలనిపించింది.

కనుమ ఎక్కేటప్పుడు ఆల్విన్ ఎంత బాగా నడిపాడో! వేళ్ళ కొసలతో తిప్పేవాడు. మిలాన్ నిజంగానే చక్కటి బండి. తలకి రుమాలు కట్టుకుని, చల్లగాలి తగులుతుంటే ఒక్క క్షణం నిజంగా సెలవులకే వచ్చామనిపించింది. పైన సత్రంలో సూప్ తెప్పించుకున్నాం. అతని చెంచా గిన్నెకి తగిలి టకటకమంటోంది. పక్క బల్లవాళ్ళు చూశారు. అతను చెంచా పెట్టేసి, గిన్నె రెండుచేతులా ఎత్తి తాగాడు. కిటికీ బయట వాన మొదలైంది.

నాలుగైదు మలుపులు దిగాక, రాతిగోడ పక్కన కాస్త చోటుంటే అక్కడ బండి ఆపాడు. ఇంజను ఆపలేదు. స్టీరింగు వదల్లేదు. చూస్తే వేళ్ళు తెల్లగా పాలిపోయాయి.

"ఏమైంది?"

"చేతులు రావడం లేదు."

వేలు వేలుగా నేనే విడదీశాను. మంచుకి బిగుసుకుపోయిన చేతిగుడ్డ విప్పినట్టు. అతను వానకేసి చూస్తూనే ఉన్నాడు. "నా వల్ల కాదు ఒటీ" అన్నాడు.

పెళ్ళికి ముందు మా నాన్న బేకరీ వ్యాను నేనే నడిపేదాన్ని. పెళ్ళయ్యాక ఎప్పుడూ నడపలేదు. పరీక్ష డ్రైవరు పెళ్ళాం బండి నడపడమేంటని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

"జరుగు" అన్నాను.

బండి నెమ్మదిగానే నడిపాను. మొదటి మలుపు బానే తిరిగింది. రెండోది కూడా. నాకు ధైర్యమొచ్చింది. ఏమీ లేదు, అంతా ఇతని భయమే, ఇంటికెళ్ళాక డాక్టరుకి చూపించాలి అనుకున్నాను. ఇంత చిన్న సంగతికా రెండు నెలలుగా చస్తున్నాం అని కోపం కూడా వచ్చింది. అంతలో కుడివైపు మలుపులో ఎదురుగా బస్సు ముక్కు కనిపించింది. ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. యాక్సిలరేటరు మీంచి కాలు తీశాను.

వెనక నుంచి ఎవరో చీపురు పెట్టి బండిని ఊడ్చేసినట్టయింది. బస్సు పోయింది, కొండ వచ్చింది, కొండ పోయి మబ్బు వచ్చింది, మళ్ళీ కొండ. నేను అరిచానో లేదో తెలీదు. ఆగేసరికి మేము ఎటు నుంచి వచ్చామో అటు తిరిగి ఉన్నాం. వెనక చక్రం రోడ్డు అంచు రాయికి ఆనుకుంది. రాయి అవతల తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. ఎక్కడో కింద ఆవుల గంటలు.

బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "నీ పెళ్ళానికి బండెవడిచ్చాడ్రా?" అని అరిచి వెళ్ళిపోయాడు.

"బ్రేకు వేశావా?" అన్నాడు ఆల్విన్. గొంతు మెత్తగా ఉంది.

"లేదు."

"కాలు తీశావంతే."

"అంతే. ఆల్విన్, మనం చచ్చిపోయేవాళ్ళం."

"తోక నీక్కూడా ముందుకొచ్చింది" అన్నాడు. "నీకు భయం లేదు. అయినా వచ్చింది." అని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వాడు. నేను పిడికిలితో అతని భుజం మీద కొట్టాను. ఇంకా కొట్టాను. అతను కొట్టించుకుంటూనే నవ్వాడు. రెండు నెలల్లో మొదటిసారి అతని ముఖం నేను పెళ్ళాడిన మనిషి ముఖంలా ఉంది.

ఊళ్ళోకి రాగానే ఇద్దరం ట్రౌట్‌వైన్ గదికి వెళ్ళాం. గోడకి పక్షులన్నిటి బొమ్మలూ వరసగా ఉన్నాయి, పిచ్చుక నుంచి గద్ద దాకా. ఆల్విన్ జరిగింది చెప్పాడు.

"మీ భార్య నడిపిందా? ఎవరి అనుమతితో?"

"నా చేతులు రాలేదు. అందుకని."

"చూడండి ఫ్రా హెఫెలే, అలవాటు లేని ఆడమనిషి, వానలో, కొండదారిలో..."

"బండి కొనేవాళ్ళంతా పరీక్ష డ్రైవర్లేనాండీ?" అన్నాను. "మా అత్తగారు వెనక సీట్లో కూర్చుంటుంది. మా పాప కూర్చుంటుంది. ఎదురుగా బస్సొస్తే నేను కాలు తీస్తాను. తియ్యకూడదని నాకెవరు చెప్తారు?"

ట్రౌట్‌వైన్ లేచి తలుపు వేశాడు. తిరిగొచ్చి కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

ఆల్విన్ నా వంక చూశాడు.

"ఎగోన్ పడిన రోజు నుంచీ తెలుసు. వెనక ఇరుసు మార్చాలి. మార్చడానికి ఏడాది పడుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో గద్ద లేకపోతే బ్యాంకు వాళ్ళు మాకు ఏడాది ఇవ్వరు. మీ వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయి? ఏ ఇంటికెళ్ళి ఏం చెప్పను?" అతని పై పెదవి మీద చెమట కనిపించింది. ఎండలో టోపీ తీసినప్పుడు కూడా అతను ఇలాగే ఉండి ఉంటాడు. నేను గమనించలేదు. "యజమాని నా మాట వినడు. లెక్కలంటాడు. డ్రైవరు చెప్తే వింటాడేమో."

"నేను చెప్తాను" అన్నాడు ఆల్విన్.

"ఎందుకు నడపవని అడుగుతాడు."

"అడగనివ్వండి."

యజమాని ముసలి బ్రెండ్లె ముందు, డైరెక్టర్లందరి ముందు ఆల్విన్ ఏం చెప్పాడో ఆ సాయంత్రం నేనడిగాను. బూట్లు విప్పుకుంటున్నాడు.

"భయమేస్తోందని చెప్పాను. ఎగోన్ తప్పు లేదని చెప్పాను."

"ఆయనేమన్నాడు?"

"కిటికీ వైపు తిరిగాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు."

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఫ్యాక్టరీ పాత పక్షులు మూడింటికే కొత్త రంగులు వేసి నిలబెట్టింది. పత్రికలు ఎగతాళి చేశాయి. తర్వాత జరిగింది తొందరగానే చెప్పేస్తాను, చెప్పడానికి బాగుండదు కనక. ముందు పిచ్చుక పని ఆపేశారు, తర్వాత కొంగ. సగం మందిని ఇళ్ళకి పంపారు. మరుసటి వసంతంలో ఉత్తరాది కంపెనీ ఒకటి వచ్చి ఫ్యాక్టరీ కొనుక్కుంది. గద్దకి ఇరుసు మార్చి, పేరూ మార్చి అమ్ముకుంది. ఎగోన్‌కి మాత్రం న్యాయం జరిగింది. ప్రమాదం అతని తప్పు కాదని ఒప్పుకున్నారు, పింఛను ఇచ్చారు. ఆల్విన్‌ని ఎవరూ తీసెయ్యలేదు. అతనే మానేసి, సైకిళ్ళు బాగుచేసే కొట్టులో చేరాడు. పోస్టాఫీసు వాళ్ళ పార్శిళ్ళ వ్యానుకి డ్రైవరు కావాలంటే నేను వెళ్ళాను.

కానీ ఆ వేసవి నా మట్టుకు ముగిసింది అక్టోబరులో, ఒక శనివారం మధ్యాహ్నం.

అప్పటికి ఊరంతా తెలిసిపోయింది. ఫలానా హెఫెలే భయపడ్డాడు, అందువల్ల గద్ద ఎగరలేదు, అందువల్ల మన పనులు పోయాయి. రొట్టెల దుకాణంలో నా వంతు వచ్చినా నా వెనకవాళ్ళకి ముందు ఇచ్చేవాళ్ళు. మా అంసెల్ కారు తలుపు మీద ఎవరో, పిరికివాడని, మేకుతో కోడిబొమ్మ గీశారు. రోస్‌విత ఏడుస్తూ బడి నుంచి వచ్చింది. రాత్రిళ్ళు తలుపు గడియలు సరిచూసుకోవడం అలవాటైంది. మా ఊళ్ళో అంతకుముందు ఎవరికీ ఆ అలవాటు లేదు.

ఆ శనివారం మా గేటు ముందు మనుషులు చేరారు. ఫ్యాక్టరీ వాళ్ళే, పదిహేను మంది దాకా ఉంటారు. కేకలు లేవు. ఊరికే నిలబడ్డారు. అదే నన్ను భయపెట్టింది. ముందున్నవాడు గెబ్‌హార్ట్, రంగుల విభాగం మేస్త్రీ, మాకు రెండిళ్ళ అవతల ఉంటాడు. భారీమనిషి. నెల రోజులుగా మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంటున్నాడు.

"హెఫెలేని బయటికి రమ్మను" అన్నాడు నాతో.

అత్తగారు నన్ను పక్కకి నెట్టి గుమ్మంలోకి వచ్చింది. "ఏరా గెబ్‌హార్ట్, నీ ముక్కు తుడిచిన చెయ్యిరా ఇది. మా ఇంటి ముందుకి మందని తోలుకొస్తావా?"

"నీతో పనిలేదు పెద్దమ్మా. ఆల్విన్‌తో మాట్లాడాలి."

"నాతో మాట్లాడు!"

"అమ్మా, జరుగు" అన్నాడు ఆల్విన్ వెనక నుంచి.

అతను మెట్లు దిగి గేటు దాకా వెళ్ళాడు. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. గేటు తీశాడు. గెబ్‌హార్ట్‌కీ అతనికీ మధ్య జానెడు దూరం. వెనక ఎవరో ఒకడు కండువా విప్పి చేతికి చుట్టుకోవడం చూశాను. రోస్‌వితని లోపలికి లాగి దాని ముఖం నా ఏప్రన్‌లో దాచాను.

"ఒక్క మాట అడుగుతాను" అన్నాడు గెబ్‌హార్ట్. "నిజంగా భయపడ్డావా? లేక వాళ్ళు చెప్పమన్నారా?"

"భయపడ్డాను."

"పదేళ్ళు పరీక్ష డ్రైవరుగా చేసినవాడివి."

"అవును."

"ఎంత భయపడ్డావ్?"

ఆల్విన్ ఆలోచించాడు. వాళ్ళ ముందు అబద్ధం చెప్పడానికి ఆలోచిస్తున్నాడేమో అనుకున్నాను. "మా ఆవిడ నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సొచ్చింది" అన్నాడు.

వెనక ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. గెబ్‌హార్ట్ గోళ్ళలో ఇంకా ఎర్రరంగు ఉంది, ఏ బండి రంగో. ఆ చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"మా అబ్బాయి మొదటి విడతలోనే బండి కొంటానని పేరిచ్చాడు" అన్నాడు. "గద్దకి. పోయిన నెల వాడికి కూతురు పుట్టింది."

గెబ్‌హార్ట్ టోపీ సర్దుకుని వెనక్కి తిరిగాడు. జనం దారిచ్చారు. అతను వెళ్ళాక మిగతావాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కండువా చుట్టుకున్నవాడు విప్పి మెడకేసుకున్నాడు. ఒకరూ ఇద్దరూ కదిలి, వీధి ఖాళీ అయింది.

ఆల్విన్ గేటు వేసి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"లోపలికి రా, చలిగా ఉంది" అన్నాను.

"కాసేపుండు. లేవలేను."

వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను.